రఫ్డ్ గ్రౌజ్ వేట: ఉత్తర మిన్నెసోటాలో మొదటి సీజన్‌కు సలహాలు కావాలి

ప్లిమత్_సిక్కోలు | ఆగస్టు 24

అందరికీ నమస్కారం. నేను మిన్నియాపోలిస్ పక్కన ప్లిమత్‌లో ఉంటున్నాను. మా ఆఫీసులో పెద్దాయన ఒకరు ఏటా ఆకురాలు కాలంలో ఉత్తరాదికి వెళ్ళి రఫ్డ్ గ్రౌజ్ అనే అడవి పక్షిని వేటాడుతారు. కిందటి అక్టోబర్‌లో తుపాకీ లేకుండా ఊరికే ఆయన వెంట నడిచాను. రోజంతా తిరిగితే పదకొండు పక్షులు లేచాయి గానీ, నేను కళ్ళారా చూసినవి మూడే. మిగిలినవన్నీ బుర్రుమన్న చప్పుడు, ఆ వెంటనే ఊగుతున్న కొమ్మ, అంతే. ఆ చప్పుడు ఏడాదిగా నా చెవుల్లో ఉంది.

ఈ ఏడు స్వయంగా వెళ్ళాలని నిశ్చయించుకున్నాను. తుపాకీ భద్రత తరగతికి హాజరై ధ్రువపత్రం తెచ్చుకున్నాను, ఎందుకంటే 1979 డిసెంబర్ 31 తరువాత పుట్టినవారికి అది లేకుండా మిన్నెసోటాలో వేట లైసెన్సు ఇవ్వరు. నా దగ్గర కుక్క లేదు. ఆ పెద్దాయన మోకాలి శస్త్రచికిత్స చేయించుకుని ఈసారి రాలేనన్నారు. లక్షల ఎకరాల ప్రభుత్వ అడవి పటం ముందు పెట్టుకుని కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఎక్కడ వెతకాలి, కుక్క లేకుండా ఎలా నడవాలి, ఎలాంటి తుపాకీ కొనాలి అన్నవి నా ప్రశ్నలు. ఇంకొకటి, నేను హెచ్-1బి వీసా మీద ఉన్నాను. నావంటివారు తుపాకీ కొనడం చట్టబద్ధమేనా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

డులూత్_అడవిదారి | ఆగస్టు 24

ప్లిమత్ గారూ, మీ మొదటి ప్రశ్నకే ఎక్కువ సమయం తీసుకుంటాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. నేను డులూత్‌కు వచ్చి ఇరవై రెండేళ్ళయింది. మొదటి మూడేళ్ళు పక్షి కోసం వెతికి ఖాళీ సంచితో తిరిగి వచ్చేవాణ్ణి. ఆ తరువాత చెట్టు వయసు కోసం వెతకడం నేర్చుకున్నాను.

ఇక్కడ ఆస్పెన్ అనే చెట్టు ఉంది, స్థానికులు దాన్నే పాపుల్ అంటారు. దీన్ని నరికితే చావదు. నేల మీద ఎండ పడగానే వేరు నుంచి పిలకలు వేస్తుంది, మన అరటి పిలకలు వేసినట్టు, కాకపోతే ఎకరానికి వేల సంఖ్యలో. మొదటి నాలుగైదేళ్ళు అది మనిషి దూరలేని గుబురుగా ఉంటుంది. క్రమంగా బలహీనమైన పిలకలు చచ్చి, మిగిలినవి పొడవుగా, నిటారుగా ఎదుగుతాయి. చెట్టు మొదలు మీ మణికట్టంత లావుకు వచ్చి, తల ఇరవై ముప్పై అడుగుల ఎత్తుకు చేరినప్పుడు ఆ అడవి గ్రౌజ్‌కు సరైన ఇల్లు అవుతుంది. వయసులో చెప్పాలంటే సుమారు 10 నుంచి 25 ఏళ్ళ మధ్య. నిటారుగా దగ్గరదగ్గరగా నిలిచిన ఆ కాండాల మధ్య గోస్‌హాక్ డేగ రెక్కలు చాచి దూసుకురాలేదు. పైన ఆకుల గొడుగు ఉంటుంది, కింద నేల మాత్రం పక్షి నడవడానికి వీలుగా ఉంటుంది.

అయితే అది ఒక్కటే చాలదు. గుడ్లు పొదగడానికి, శీతాకాలపు మేతకు దానికి ముదురు ఆస్పెన్ కూడా కావాలి. మంచు కప్పిన నెలల్లో దాని ప్రధాన ఆహారం ముదురు మగ ఆస్పెన్ చెట్ల పూమొగ్గలే. సాయంత్రం చీకటి పడే ముందు చెట్టెక్కి ఇరవై నిమిషాల్లో కడుపు నింపుకుని దిగిపోతుంది. పిల్లలతో ఉన్న తల్లికి మాత్రం పురుగులు దొరికే లేత గుబురు కావాలి. ఈ మూడు వయసులూ ఒక పక్షి రోజూ నడిచే దూరంలో కలిసిన చోటే దాని కాపురం. ఈ సంగతిని పరిశోధనతో నిరూపించినవారు గోర్డన్ గలియన్. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి మా ఊరి పక్కనే క్లోకేలో అటవీ కేంద్రం ఉంది. అక్కడ ఆయన 1958 నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఈ ఒక్క పక్షినే అధ్యయనం చేశారు. అడవిని ఒక్కసారిగా కాక చిన్నచిన్న ముక్కలుగా, పదేళ్ళ ఎడంతో నరకమని చెప్పింది ఆయనే.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. ఉపగ్రహ పటంలో కౌంటీ అడవుల మీద, చిప్పెవా, సుపీరియర్ జాతీయ అరణ్యాల మీద పాత నరుకుల (కలప కోసం చెట్లు కొట్టిన చోట్ల) ఆకారాలు వెతకండి. పాత చిత్రాలు కూడా తెరిచి, సుమారు పదిహేనేళ్ళ కిందట బోసిగా కనిపించిన చోటు ఇప్పుడు దట్టంగా ఉందా అని పోల్చండి. ఆ ముక్క అంచున ఆల్డర్ పొదలున్న చిత్తడి గానీ, క్లోవర్ మొలిచిన పాత కలప బాట గానీ ఉంటే గుర్తు పెట్టుకోండి. అలాంటి పది చోట్లు గుర్తించాకే కారు తీయండి. మిన్నెసోటాలో వేటగాళ్ళ కోసమే మోటారు బళ్ళు రానివ్వని నడక బాటలు ఉన్నాయి, వాటి పటం సహజ వనరుల శాఖవారి వద్ద ఉచితంగా దొరుకుతుంది. మొదటి రోజుకు అవి చాలు, కానీ బాట మీదే నడిచేవాడికి బాట మీది పక్షే దొరుకుతుంది.

మార్క్వెట్_బ్రిటనీ | ఆగస్టు 25

మాది మిషిగన్ అప్పర్ పెనిన్సులా. మా దగ్గర సీజన్ సెప్టెంబర్ 15న మొదలై నవంబర్ 14 దాకా నడుస్తుంది, ఆపై జింకల వేట కోసం ఆగి, మళ్ళీ డిసెంబర్ 1 నుంచి జనవరి 1 వరకు ఉంటుంది. మిన్నెసోటాలో సెప్టెంబర్ నడిమి శనివారం మొదలవుతుంది. రెండు చోట్లా ఉత్తరాన రోజుకు ఐదు పక్షులే పరిమితి. నిబంధనలు ఏటా మారవచ్చు గనుక ఆ ఏటి పుస్తకం తప్పకుండా చదవండి.

డులూత్ గారు చెప్పినదంతా నిజమే. దానికి నేను చేర్చేది కాలం గురించి. సెప్టెంబర్‌లో ఆకులు పచ్చగా ఉంటాయి, తల్లితో పిల్లలు ఇంకా గుంపుగానే ఉంటాయి, అందువల్ల ఒక చోట నాలుగైదు లేస్తాయి గానీ ఒక్కటీ కనిపించదు. సెప్టెంబర్ చివరికి ఆ గుంపు చెదిరిపోయి, ప్రతి పిల్లా తన చోటు తాను వెతుక్కుంటూ అడవంతా తిరుగుతుంది. ఆ రోజుల్లోనే అవి ఇళ్ళ కిటికీలకు కొట్టుకుని చస్తుంటాయి. అక్టోబర్ రెండో వారానికి ఆకు రాలుతుంది, అదే మా అందరికీ పండుగ. మొదటిసారి వెళ్ళేవారు ఓపిక పట్టి అప్పుడే వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం.

ఇక కుక్క విషయం. నా బ్రిటనీ జాతి వేటకుక్కకు ఆరేళ్ళు. అది పక్షి వాసన పట్టి బిగుసుకుని నిలబడినప్పుడు తోక కొస కూడా కదలదు, మెడ గంట ఆగిపోతుంది. గంట చప్పుడు ఆగిన ఆ నిశ్శబ్దం కోసమే నేను ఏడాదంతా ఎదురుచూస్తాను. అయినా కుక్క లేనివారు వేటాడలేరని నేను అనను. కుక్కతో కష్టాలూ ఉన్నాయి. రెండేళ్ళ కిందట నాది ముళ్ళపందిని కరిచి మూతి నిండా ముళ్ళు గుచ్చుకుని వచ్చింది. శ్రావణంతో అడవిలోనే ఇరవై ఏడు ముళ్ళు లాగాను, నాలుక మీదివి తీయడానికి గంటన్నర దూరంలోని పశువైద్యుడి దాకా పోవలసి వచ్చింది. కుక్కను కొనేవారు ముందు ఆ బాధ్యతను కొంటున్నారని తెలుసుకోవాలి.

హూస్టన్_పత్రాలు | ఆగస్టు 25

వీసా ప్రశ్నకు నేను జవాబిస్తాను, నేనూ ఆ దారిలోనే వచ్చాను గనుక. అమెరికా సమాఖ్య చట్టం (18వ టైటిల్, 922వ సెక్షన్) హెచ్-1బి, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండడాన్ని సాధారణంగా నిషేధిస్తుంది. అయితే అదే చట్టంలో ఒక మినహాయింపు ఉంది. ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి ఆ నిషేధం వర్తించదు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు.

ఇక్కడ మనవాళ్ళు పొరపాటు పడేది గడువు దగ్గర. మిన్నెసోటా లైసెన్సు సంవత్సరం మార్చి 1న మొదలై ఫిబ్రవరి చివరి రోజుతో ముగుస్తుంది. మార్చి నెలలో వేట లేదు కదా అని కొత్త లైసెన్సు తీసుకోకుండా ఊరుకుంటే, అల్మారాలో ఉన్న తుపాకీయే మీ మీద నేరం అవుతుంది. అది వీసాకే ముప్పు. దుకాణంలో నింపే 4473 పత్రంలో ఈ మినహాయింపు గురించి ప్రత్యేకంగా అడుగుతారు, అక్కడ అబద్ధం రాయడం వేరే నేరం. కొనే ముందు ఒక ఇమ్మిగ్రేషన్ న్యాయవాదికి ఫీజు ఇచ్చి మీ పరిస్థితి చూపించుకోండి. వేదికలో చదివిన మాట మీద ఇంత పెద్ద అడుగు వేయవద్దు, అది నా మాటైనా సరే.

మాడిసన్_పిట్టలు | ఆగస్టు 26

నేను వేటాడను, ఫోటోలు తీస్తాను. ఈ చర్చలో నా మాటకు చోటుంటుందో లేదో తెలియదు గానీ, ఈ పక్షిని ఏప్రిల్‌లో చూడని మనిషికి దాని గురించి సగమే తెలుసని నా నమ్మకం, అందుకే రాస్తున్నాను.

విస్కాన్సిన్ ఉత్తరాన పార్క్ ఫాల్స్ దగ్గర తెల్లవారుజామున నాలుగున్నరకు గుడారంలో కూర్చున్నాను. ఎదురుగా నాచు పట్టిన పడిపోయిన దుంగ ఉంది, దాని ఒక చివర రెట్టల కుప్ప చూసి ముందు రోజే ఆ చోటు ఎంచుకున్నాను. వెలుతురు రాకముందే మగ పక్షి దుంగ ఎక్కింది. తోకను వెనక్కి ఆనించి, ఛాతీ ఎత్తి నిలబడి రెక్కలు కొట్టడం మొదలుపెట్టింది. మొదట ఒక్కొక్కటిగా, విడివిడిగా, తరువాత వేగం పెరిగి ఆఖరికి రెక్కలు కనబడకుండా పోయాయి. ఎనిమిది పది సెకన్లలో సుమారు యాభై దెబ్బలు. రెక్కలు దుంగను తాకవు, ఛాతీని తాకవు, కేవలం గాలిని కొడతాయి. ఆ ధ్వని 40 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది గనుక చెవి కంటే ముందు గుండెలకు తెలుస్తుంది. దూరంగా పొలంలో ఎవరో ఆయిల్ ఇంజను తిప్పి స్టార్ట్ చేస్తున్నట్టు అనిపించింది. మిన్నెసోటాలో ఈ మోతలనే లెక్కపెట్టి 1949 నుంచి పక్షుల సంఖ్య ఎటు పోతోందో అంచనా వేస్తున్నారు. ఒక్కో దారిలో పది చోట్ల ఆగి, ప్రతి చోటా నాలుగు నిమిషాలు వింటారు.

అంత బతికిన ప్రాణాన్ని కాల్చడానికి నాకు చెయ్యి రాదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు, కానీ దాన్ని తగ్గించి చెప్పడం కూడా నాకు ఇష్టం లేదు. ఇండియానాలో 2015లో ఈ వేట ఆపేశారు, 2020లో దాన్ని అంతరించే ప్రమాదమున్న పక్షుల జాబితాలో చేర్చారు. రేపు విస్కాన్సిన్‌కు ఆ గతి పట్టదని ఎవరు చెప్పగలరు?

డులూత్_అడవిదారి | ఆగస్టు 26

మాడిసన్ గారూ, మీ మాటకు చోటు ఎందుకుండదు? దుంగ చివరి రెట్టల కుప్ప గురించి రాశారు, అది వేటగాళ్ళలోనే చాలామందికి తెలియదు. అలాంటి దుంగ ఉన్న చోట అక్టోబర్‌లోనూ మగ పక్షి దగ్గరలోనే ఉంటుంది, ఎందుకంటే అది తన చోటును వదలదు.

ఇండియానా సంగతి నన్నూ బాధిస్తుంది. అయితే అక్కడ పక్షి పోయింది తుపాకీ వల్ల కాదు, అడవి ముదిరిపోవడం వల్ల. నరుకు ఆగింది, లేత అడవి తగ్గింది, మిగిలిన పక్షులు చిన్నచిన్న ద్వీపాల్లో చిక్కుకున్నాయి. పెన్సిల్వేనియాలో, అది ఆ రాష్ట్ర పక్షి కూడా, దోమల ద్వారా వచ్చే వెస్ట్ నైల్ వైరస్ గ్రౌజ్ పిల్లలను చంపుతోందని ప్రయోగాల్లో తేలింది. మంచి అడవి ఉన్న చోట సంఖ్య మళ్ళీ కోలుకోవడం, లేని చోట కోలుకోకపోవడం కూడా అక్కడివారు గమనించారు. ఇక్కడ ఉత్తరాన సంఖ్య సుమారు పదేళ్ళకోసారి పెరిగి తగ్గుతుంది, వేట లేని చోట కూడా ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. కానీ మీ భయంలో ఒక నిజం ఉంది. పక్షులు పలచబడిన చిన్న అడవిలో, సీజన్ చివర, ఒకే చోటికి మళ్ళీమళ్ళీ వెళ్ళి కాల్చితే అది నష్టమే. నేను ఏ ముక్కలోనూ ఏడాదికి రెండుసార్ల కంటే ఎక్కువ అడుగు పెట్టను, ఒక పక్షి దొరికాక ఆ ముక్క వదిలేస్తాను.

ఇంకొక సంగతి కూడా ఉంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం వేట తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణి సంరక్షణకు వెళ్తుంది. మీరు గుడారం వేసుకున్న అడవికీ అందులో వాటా ఉంటుంది.

మాడిసన్_పిట్టలు | ఆగస్టు 27

పన్ను సంగతి నాకు తెలుసు, దాన్ని గౌరవిస్తాను. ఆ చట్టం కెమెరాల మీద కూడా పన్ను వేసి ఉంటే సంతోషంగా కట్టేవాణ్ణి. చంపడం విషయంలో మాత్రం మనం ఏకీభవించనవసరం లేదు. ఏడాదికి రెండుసార్లే అన్న మీ నియమం కొత్తవారంతా చదవాలని కోరుకుంటున్నాను.

డులూత్_అడవిదారి | ఆగస్టు 28

ప్లిమత్ గారూ, మిగిలిన రెండు ప్రశ్నలకు జవాబు బాకీ ఉన్నాను.

కుక్క లేనివారి ఆయుధం ఆగడం. ఇరవై ముప్పై అడుగులు నెమ్మదిగా నడిచి, ఒక నిమిషం పూర్తిగా కదలకుండా నిలబడండి. నడుస్తున్న మనిషిని ఈ పక్షి ముడుచుకుని కూర్చుని పక్కనుంచి పోనిస్తుంది. అడుగుల చప్పుడు ఆగగానే తనను చూశారేమోనని దానికి భయం పుట్టి లేస్తుంది. అందుకే ఎక్కడ పడితే అక్కడ ఆగకూడదు, తుపాకీ తిప్పడానికి చోటున్న దగ్గర, ఎడమ కాలు ముందుకు వేసి ఆగాలి (మీరు కుడిచేతి వాటమైతే). లేచిన పక్షి తప్పిపోతే అక్కడితో వదిలేయకండి. అది సాధారణంగా నూరు, రెండు నూర్ల గజాలే ఎగిరి వాలుతుంది, దారిలో కొంచెం వంపు తిరుగుతుంది. అది పోయిన దిక్కున ఒక చెట్టును గురుతు పెట్టుకుని మెల్లగా వెళ్తే రెండోసారీ లేస్తుంది.

తుపాకీ విషయంలో 20 గేజ్ చాలు, 12 గేజ్ ఉన్నా తప్పులేదు (గేజ్ అంటే గొట్టం లావు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం). బరువు తక్కువగా, గొట్టం పొట్టిగా ఉండాలి. మీరు కాల్చేది పదిహేను నుంచి పాతిక గజాల లోపల గనుక గుళ్ళు త్వరగా విచ్చుకునే సిలిండర్ లేదా ఇంప్రూవ్డ్ సిలిండర్ చోక్ (గొట్టం మూతి బిగువు) పెట్టండి, ఏడున్నర లేదా ఎనిమిదో నంబరు గుళ్ళున్న తూటాలు వాడండి. సెప్టెంబర్ నెలంతా మట్టి పళ్ళేలు ఎగరేసి కాల్చే రేంజికి వెళ్ళండి, కానీ తుపాకీ ముందే భుజాన ఆనించుకుని పళ్ళెం ఎగరేయమని పిలవకండి. నడుము దగ్గర పట్టుకుని, పళ్ళెం లేచాకే భుజానికెత్తడం అలవాటు చేసుకోండి.

నడుము పైన మెరిసే నారింజ లేదా గులాబీ రంగు దుస్తు ఒకటి ఉండడం ఇక్కడ చట్టం, నేనైతే టోపీ, చొక్కా రెండూ నారింజవే వేసుకుంటాను. పాంటును మేజోళ్ళలోకి దోపుకోండి. అక్టోబర్‌లో చల్లబడిందని పిడుదులు పోవు, లైమ్ జబ్బు తెచ్చే నల్లకాళ్ళ పిడుదులు అప్పుడే మళ్ళీ చురుకవుతాయి. ఫోను ఉన్నా దిక్సూచి విడిగా పెట్టుకోండి. మబ్బు పట్టిన రోజున యువ ఆస్పెన్‌లో ఏ దిక్కు చూసినా ఒకటే కనిపిస్తుంది. మా రెండో ఏడు నేను ఫోను చచ్చిపోయి, కారుకు అరమైలు దూరంలో రాత్రి తొమ్మిది దాకా తిరిగాను.

ఇటాస్కా_రోడ్డు | ఆగస్టు 28

కొత్తవారిని ఇంత కష్టపెట్టడం ఎందుకు? ఉదయం ఎండ తగలగానే, సాయంత్రం చీకటి పడబోయే ముందు ఈ పక్షులు కంకర కోసం, క్లోవర్ కోసం కలప బాటల మీదికి వస్తాయి. కందనకాయలో మేత నలగాలంటే వాటికి రాళ్ళు కావాలి. బండి మెల్లగా నడిపి, కనిపించగానే దిగి, చట్టప్రకారం బాట పక్కకు వెళ్ళి కాల్చుకోవచ్చు. ఈ ప్రాంతంలో మూడు తరాలుగా జనం కూరకు పక్షిని తెచ్చుకునేది ఇలాగే. నిలబడ్డ పక్షిని కాల్చడం పాపమనీ, ఎగిరేదాన్ని కాల్చడం పుణ్యమనీ పుస్తకాల్లో రాసుకున్నారు. పక్షికి రెండూ ఒకటే. పైగా నిలబడ్డదాన్ని కాల్చితే గాయపడి తప్పిపోవడం తక్కువ.

మార్క్వెట్_బ్రిటనీ | ఆగస్టు 29

గాయపడేవి తక్కువన్న మాట నేను ఒప్పుకుంటాను, అది తేలికగా తీసిపారేయవలసిన వాదన కాదు. కానీ నేల మట్టానికి గురిపెట్టిన తుపాకీకి వెనుక ఏముందో కనబడదు. ఆ పొదల వెనుక నా కుక్క ఉండవచ్చు, ఇంకొక మనిషి ఉండవచ్చు. ఎదురుగా ఆకాశం కనిపిస్తేనే కాల్చాలని నేను కొత్తవారికి చెప్పేది మర్యాద కోసం కాదు, ఇందుకోసమే. తుపాకీలో తూటా ఉండగా బండెక్కకూడదు, బండిలోంచి కాల్చకూడదు. ఈ రెండిటి దగ్గర నేను రాజీపడను.

లంకమల_గాలి | సెప్టెంబర్ 2

నేను కడప జిల్లావాణ్ణి, ఇప్పుడు ఐడహోలో ఉన్నాను. మా తాతల కాలంలో పూరేళ్ళకు వలలు వేసేవారు, కౌజులను పెంచి పందేలు ఆడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అది నేరమైంది, కావలసింది కూడా. కానీ ఆ చట్టంతో పాటు ఏ గట్టు మీద ఏ పిట్ట ఏ వేళకు దిగుతుందో చెప్పగలిగే మనుషులు కూడా తగ్గిపోయారని నాకు దిగులు. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మా లంకమల పొదల్లో మళ్ళీ దొరకడానికి కారణం అలాంటి ఒక స్థానికుడే, రాత్రి టార్చి వెలుగులో దాన్ని ప్రాణంతో పట్టుకున్నాడు.

ఇక్కడ ఎండిన రాతి కొండల మీద చుకార్ అనే పక్షిని వేటాడుతాం. అది మన కౌజుకు చుట్టమే, పాకిస్తాన్ జాతీయ పక్షి, ఉపఖండం నుంచే ఇక్కడికి తెచ్చి వదిలారు. మొదటిసారి కొండ పైనుంచి అది కూయడం విన్నప్పుడు నాకు మా ఊరి కంచె గుర్తొచ్చి కాళ్ళు ఆగిపోయాయి. గ్రౌజ్‌కు ఆస్పెన్ ఎలాగో దీనికి చీట్‌గ్రాస్ అనే గడ్డి, నిటారు రాళ్ళు, దగ్గర్లో నీటి ఊట అలాగ. కొండ ఎక్కేటప్పుడు పరుగెత్తి తప్పించుకుంటుంది, మనం పైనుంచి దిగితేనే ఎగురుతుంది. పక్షి మారినా వెతికే పద్ధతి ఒకటే కనుక చెబుతున్నాను.

ప్లిమత్_సిక్కోలు | అక్టోబర్ 14

అందరికీ చెప్పాలని నిన్నటి నుంచి ఆగలేకపోతున్నాను. న్యాయవాదిని కలిసి, లైసెన్సు తీసుకుని, పాతబడిన 20 గేజ్ డబుల్ బారెల్ కొన్నాను. పటంలో గుర్తించిన పది చోట్లలో గ్రాండ్ రాపిడ్స్‌కు ఉత్తరాన ఉన్న నాలుగింటికి వెళ్ళాను. మొదటి రెండింటిలో ఏమీ లేదు. దగ్గరికి వెళ్తే అవి ఆస్పెన్ కాదు, నాటిన పైన్ తోటలు. ఉపగ్రహ చిత్రంలో నాకు తేడా తెలియలేదు.

మూడోది డులూత్ గారు వర్ణించిన అడవే. మణికట్టంత కాండాలు, రాలిన పసుపు ఆకులు, పల్లంలో ఆల్డర్. శనివారం ఆరు పక్షులు లేచాయి, ఐదుసార్లు కాల్చాను, ఒక్కటీ పడలేదు. ఆదివారం పదిన్నరకు, మంచు తడి ఆరాక, ఆల్డర్ అంచున ఆగి నిలబడ్డాను. నా ఊపిరి నాకే వినబడుతోంది. నలభై లెక్కపెట్టేసరికి కుడివైపు పన్నెండు గజాల్లో ఆకులు పేలినట్టు చప్పుడై పక్షి లేచింది. ఆలోచించలేదు. అది రెండు చెట్ల మధ్య ఆకాశంలోకి వచ్చినప్పుడు కాల్చాను, పడింది.

చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. అరకిలోకు కాస్త ఎక్కువ బరువు ఉంటుందేమో. బూడిద రంగు తోక, విప్పితే విసనకర్రలా విచ్చుకుంది, చివర నల్లని పట్టీ ఎక్కడా తెగకుండా ఉంది. మెడ చుట్టూ నల్లని ఈకల కుచ్చు. కాలి వేళ్ళ పక్కన దువ్వెన పళ్ళలాంటి చిన్న ముళ్ళు అప్పుడే మొలుస్తున్నాయి. నాకు ఆనందం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. మాడిసన్ గారు ఏప్రిల్ గురించి రాసింది అప్పుడే గుర్తొచ్చి, చాలాసేపు దాన్ని పట్టుకుని దుంగ మీద కూర్చుండిపోయాను. ఇది మగదేనా? ఎలా వండాలి?

డులూత్_అడవిదారి | అక్టోబర్ 14

చాలా సంతోషం తమ్ముడూ. ఇక నుంచి అలాగే పిలుస్తాను. పట్టీ తెగకుండా ఉంటే ఎక్కువగా మగదే, ఆడదానికి సాధారణంగా మధ్య రెండు ఈకల్లో ఆ పట్టీ మసకబారుతుంది. గట్టిగా తేల్చుకోవాలంటే తోక మొదట్లో నడుము మీది చిన్న ఈక ఒకటి పీకి చూడు. రెండు లేదా ఎక్కువ తెల్లని చుక్కలుంటే మగది, ఒకటే ఉంటే ఆడది. దువ్వెన పళ్ళు చలికాలం కోసం మొలుస్తాయి, మంచు మీద నడవడానికి, మంచు పూసిన కొమ్మ మీద పట్టు దొరకడానికి పనికొస్తాయి. మెత్తని మంచు అడుగు మందాన పడితే ఇది అందులోకి దూకి రాత్రంతా దుప్పటి కింద పడుకున్నట్టు పడుకుంటుంది.

శుభ్రం చేసేటప్పుడు ఒక పని మరవకు. మెడ కింద మేత దాచుకునే సంచిని కోసి లోపల ఏముందో చూడు. అందులో ఉన్నది నిన్న అది ఎక్కడ తిరిగిందో చెప్పే ఉత్తరం.

ప్లిమత్_సిక్కోలు | అక్టోబర్ 14

ఇప్పుడే చూశానన్నా. ఈకలో చుక్కలు రెండు. సంచిలో క్లోవర్ ఆకులు పచ్చగా, నలగకుండా గుప్పెడు ఉన్నాయి, హేజల్ చెట్టు పూమొగ్గలు, ఐదు తెల్లని పండ్లు ఉన్నాయి. ఆ పండ్లు ఎర్రని కాడలకు ఉన్నాయి.

మార్క్వెట్_బ్రిటనీ | అక్టోబర్ 15

ఎర్ర కాడల తెల్ల పండ్లు గ్రే డాగ్‌వుడ్‌వి. మొన్న మీరు నిలబడ్డ పల్లం అంచున ఆ పొద ఎక్కడుందో వెతికి, వచ్చే వారం అక్కడ మొదలుపెట్టండి.

వంటకు వస్తే, దీని రొమ్ము మాంసం తెల్లగా, కొవ్వు లేకుండా ఉంటుంది. కూర కోడిలా ఉడికిస్తే పీచవుతుంది. నేను రొమ్మును పలచని ముక్కలు చేసి, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి గంట ఉంచి, నెయ్యిలో కరివేపాకు, దంచిన మిరియాలతో పెద్ద మంట మీద నాలుగైదు నిమిషాల్లో వేపుడు దించేస్తాను. కాళ్ళను విడిగా గసగసాలు, కొబ్బరితో నెమ్మదిగా ఉడికిస్తాను. వండే ముందు ప్రతి ముక్కనూ వెలుతురుకు ఎత్తి చూడండి, గుండు దూరిన చోట ఈక ముక్క కనిపిస్తుంది, అక్కడ కోసి సీసపు గుండును తీసేయండి. పిల్లలకు పెట్టేటప్పుడు ఇది మరీ ముఖ్యం, వీలైతే వచ్చే ఏడు సీసం లేని తూటాలకు మారండి.

అదే ఆల్డర్ పల్లంలో పొడుగు ముక్కుతో గోధుమ రంగు పిట్ట ఈల వేసినట్టు లేస్తే అది వుడ్‌కాక్. వానపాముల కోసం తడి నేలకు వస్తుంది, అక్టోబర్‌లో దక్షిణానికి వలస పోతుంది. అది వలస పక్షి గనుక లైసెన్సు మీద విడిగా హెచ్‌ఐపి అనే వలస పక్షుల వేటగాళ్ళ నమోదు కావాలి, పరిమితి రోజుకు మూడు. నమోదు లేకపోతే దాన్ని వదిలేయండి.

ప్లిమత్_సిక్కోలు | అక్టోబర్ 20

డాగ్‌వుడ్ పొద దొరికింది. పక్షి పడిన చోటికి ఎనభై అడుగుల దూరంలో, నేను రెండు రోజులు పక్కనుంచే నడిచిన పొద. శనివారం అక్కడ రెండు లేచాయి, ఒకటి దొరికింది, రెండోదాని వెంట వెళ్ళలేదు. ఆ ముక్కకు ఈ ఏడు ఇక పోను. పొదకు నూరు గజాల పైన నాచు పట్టిన దుంగ ఒకటుంది, ఒక చివర రెట్టల కుప్ప ఉంది. మాడిసన్ గారూ, ఆ చోటు మీకు వ్యక్తిగత సందేశంలో పంపాను. ఏప్రిల్‌లో మీరు వస్తానంటే నేను తుపాకీ లేకుండా వస్తాను.

మాడిసన్_పిట్టలు | అక్టోబర్ 20

వస్తాను. నాలుగింటికల్లా గుడారంలో ఉండాలి, టార్చికి ఎర్ర కాగితం అంటించుకుని రండి.